మానసిక రోగి దాడి చేసే ప్రమాదం: డాక్టరు ఎందుకు అడుగుతారు? మీరేం చెప్పాలి?



మీ ఇంటి మనిషిని మానసిక వైద్యం కోసం ఆసుపత్రికి తీసుకువచ్చినప్పుడు డాక్టరు గారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ఇంట్లో ఎవరినైనా కొట్టాడా? ఎవరినైనా చంపుతానని బెదిరించాడా?" ఈ ప్రశ్న వినగానే చాలామంది తల్లిదండ్రులు తల దించుకుంటారు. "లేదు సార్, మావోడు మంచోడు, ఎవ్వర్నీ ఏమనడు" అంటారు. నిన్న రాత్రే ఆ కొడుకు రోకలి తీసుకొని తండ్రి మీదికి వెళ్లి ఉండవచ్చు. అయినా చెప్పరు. చెబితే ఆసుపత్రిలో చేర్చుకోరేమోనని భయం. పోలీసు కేసు అవుతుందేమోనని భయం. ఊళ్లో తెలిస్తే ఆడపిల్లకు సంబంధాలు రావేమోనని భయం.

మరికొందరు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా ఉంటారు. నెలల తరబడి నిద్ర లేక, చాకిరీ చేసి విసిగిపోయి, "వీడు మమ్మల్ని బతకనియ్యడు సార్, ఇక్కడనే ఉంచుకోండ్రి" అని లేనిది కూడా కలిపి చెబుతారు.

ఈ రెండింటివల్లా నష్టమే. దాచితే ఎవరికైనా దెబ్బ తగలవచ్చు. పెంచి చెబితే మీ మనిషి అనవసరంగా తన స్వేచ్ఛ కోల్పోవచ్చు, ఎక్కువ మందులు మింగవలసి రావచ్చు. జరిగింది జరిగినట్టు చెప్పడమే రోగికీ, మీకూ మేలు. ఎందుకో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

మానసిక రోగులందరూ దాడి చేస్తారా?

చేయరు. మానసిక జబ్బు ఉన్నవారిలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. ఊళ్లో పిల్లలు రాళ్లు వేసేది, తాగినవారు కొట్టేది వారినే. తాము ఇతరులను కొట్టడం కంటే ఇతరుల చేతిలో దెబ్బలు తినడమే వారి విషయంలో ఎక్కువ.

అమెరికాలో మూడు నగరాల మానసిక ఆసుపత్రుల నుంచి డిశ్చార్జి అయిన వెయ్యి మందికి పైగా రోగులను పరిశోధకులు ఒక సంవత్సరం పాటు గమనించారు. దాని ఫలితాలు 1998లో వెలువడ్డాయి. మద్యం, మత్తుమందుల అలవాటు లేని రోగులు దాడుల విషయంలో, అదే పేటలో నివసించే, అలాగే మత్తు అలవాటు లేని మామూలు మనుషుల కంటే వేరుగా లేరు. మత్తు అలవాటు కలిసినప్పుడే దాడులు పెరిగాయి. ఇంకొక సంగతి కూడా తేలింది. దాడి జరిగినప్పుడు దెబ్బలు తిన్నవారిలో ఎక్కువమంది దారిన పోయేవారు కాదు, ఇంటివారు, స్నేహితులు.

అందుకే ఈ వ్యాసం మీ కోసం. ప్రమాదం అంటూ ఉంటే అది ముందుగా తాకేది అన్నం పెట్టే తల్లిని, పక్కన పడుకునే భార్యను, మందు వేసే తమ్ముడిని.

అంచనా అంటే ముద్ర కాదు

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మధ్య గోదావరి పారుతుంది. వానాకాలంలో శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తే ముందు కింది ఊళ్ల వారిని హెచ్చరిస్తారు. నీటిమట్టం పెరిగితే జాగ్రత్త పడతారు, తగ్గితే మళ్లీ ఎవరి పనులకు వారు పోతారు. గోదావరిని ఎవరూ చెడ్డ నది అనరు.

రోగి దాడి చేసే ప్రమాదం కూడా ఇలాగే పెరుగుతుంది, తగ్గుతుంది. మందులు మానేసిన నెలలో పెరగవచ్చు. మంచి నిద్ర పట్టిన వారంలో తగ్గవచ్చు. "ఇతను ప్రమాదకరమైన మనిషి" అని జీవితాంతం ముద్ర వేయడం డాక్టరు ఉద్దేశం కాదు. "ఈ రోజు, ఈ వారం, ఈ పరిస్థితిలో ఎంత ప్రమాదం ఉంది? దాన్ని తగ్గించడానికి ఏం చేయాలి?" అన్నదే ఆయన తెలుసుకోవాలనుకునేది.

ముఖం చూసి చెప్పడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా సాధ్యం కాదు. అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించిన జాన్ మొనాహన్ అనే అమెరికా పరిశోధకుడు, "ఇతను దాడి చేస్తాడు" అని నిపుణులు చెప్పిన మాట మూడింట ఒకసారికి మించి నిజం కావడం లేదని 1981లో రాశారు. అందుకే ఆ తరువాత ప్రశ్నల పట్టికలు వచ్చాయి. కెనడాలో 1995లో తయారైన ఒక ప్రసిద్ధ పట్టికలో 20 అంశాలు ఉన్నాయి. వాటిలో 10 గతానికి, 5 ఇప్పటి జబ్బు స్థితికి, 5 ఇకముందు రోగి ఉండబోయే పరిస్థితులకు సంబంధించినవి. గతం మారదు. మిగిలిన పదింటిని వైద్యంతో, మీ సహాయంతో మార్చవచ్చు. గతం గురించి సరిగ్గా చెప్పగలిగినవారు మీరే. ఇకముందు రోగి ఉండబోయేది మీ ఇంట్లోనే.

డాక్టరు అడిగే ప్రశ్నలు, వాటి వెనుక కారణాలు

1. "ఇంతకు ముందు ఎప్పుడైనా కొట్టాడా? ఎవరిని? దేనితో?" గతంలో దాడి చేసి ఉండటం అన్నిటికంటే ముఖ్యమైన సూచన. చేతితో తోశాడా, కర్ర తీశాడా, గొడ్డలి పట్టాడా అన్న తేడా చాలా ముఖ్యం. ఆ దాడికి ముందు ఏం జరిగిందో కూడా చెప్పండి. అన్నం ఆలస్యమైందా? డబ్బులు అడిగితే లేవన్నారా? ఎవరైనా నవ్వారా?

2. "చెవిలో మాటలు వినబడుతున్నాయంటాడా? ఆ మాటలు ఏమంటున్నాయి?" కొందరికి ఆ గొంతులు తిడుతున్నట్టు వినిపిస్తాయి. కొందరికి "కొట్టు", "చంపు", "నువ్వే చావు" అని ఆజ్ఞ ఇస్తున్నట్టు వినిపిస్తాయి. ఈ రెండో రకాన్ని వెంటనే డాక్టరుకు చెప్పాలి.

3. "ఎవరి మీదనైనా అనుమానం ఉందా?" విషం పెడుతున్నారని, మంత్రం చేశారని, భార్యకు వేరే సంబంధం ఉందని రోగి గట్టిగా నమ్మితే, ఆ అనుమానం పడిన మనిషికి ప్రమాదం ఎక్కువ. పేరు, బంధుత్వం, ఆ మనిషి ఎంత దూరంలో ఉంటాడో చెప్పండి.

4. "మందులు వేసుకుంటున్నాడా?" వేసుకోకపోతే వేసుకోవడం లేదనే చెప్పండి. మాత్రలు నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడని తెలిస్తే అదీ చెప్పండి. మందు పనిచేయడం లేదనుకొని డాక్టరు మోతాదు పెంచే పొరపాటు దీనివల్ల తప్పుతుంది.

5. "తాగుతాడా? ఏం తాగుతాడు? ఆఖరుసారి ఎప్పుడు తాగాడు?" కల్లు, గుడుంబా, ఇప్పసారా, గంజాయి ఏదైనా సరే చెప్పండి.

6. "నిద్ర ఎలా ఉంది?" రెండు మూడు రాత్రులు నిద్ర లేకుండా తిరగడం జబ్బు ముదురుతున్నదనడానికి తొలి గుర్తులలో ఒకటి.

7. "తాను చచ్చిపోతానని అన్నాడా?" ఇతరులకు ప్రమాదం గురించి అడిగే డాక్టరు, రోగి తనకు తాను హాని చేసుకునే ప్రమాదం గురించి కూడా అడుగుతారు. ఈ రెండో ప్రమాదాన్ని ఇంటివారు తక్కువ పట్టించుకుంటారు. ఎవరినీ కొట్టకుండా మూలన కూర్చున్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోవద్దు. పత్తి చేను ఉన్న ఇంట్లో పురుగుల మందు డబ్బా ఎక్కడుందో కూడా డాక్టరుకు తెలియాలి.

8. "ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" చిన్నపిల్లలు, గర్భిణి, మంచాన పడిన ముసలివారు ఉంటే తప్పక చెప్పండి.

ఈ ప్రశ్నలకు రోగి ఎదుట జవాబు చెప్పలేకపోతే, "డాక్టరు గారూ, మీతో విడిగా మాట్లాడాలి" అని అడగండి. ఇది చాడీ చెప్పడం కాదు.

మన ప్రాంతంలో మరచిపోకూడని మూడు సంగతులు

కల్తీ కల్లు. మన తెలంగాణ జిల్లాలలో అమ్మే కల్లులో చాలాచోట్ల అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగేవారి శరీరం వాటికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆగితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, మనిషి ఎదురు తిరుగుతాడు. 2015లో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, ఇంకా కొన్ని జిల్లాలలో ఇలాంటి లక్షణాలతో జనం పెద్ద సంఖ్యలో ఆసుపత్రులకు వచ్చారు.

ఆసుపత్రిలో చేరిన రోగికి కూడా ఇదే జరగవచ్చు. మొదటి రోజు నెమ్మదిగా ఉన్న మనిషి రెండో రోజో మూడో రోజో వార్డులో కేకలు వేస్తాడు. రోజూ కల్లు తాగుతాడని మీరు ముందే చెబితే, తగిన మందు ఇచ్చి క్రమంగా తగ్గిస్తారు. మీరు దాచితే అది జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది. సారా మానినవారికి కూడా రెండు నుంచి నాలుగు రోజులలో ఇలాంటి స్థితి రావచ్చు. అది ప్రాణాపాయం.

చేతబడి, బాణామతి. జబ్బుపడిన మనిషి "ఫలానాయన నాకు మంత్రం చేసిండు" అన్నప్పుడు, ఇంటివారు "నిజమే, ఆయన చూపు మంచిది కాదు" అంటే నిప్పులో నూనె పోసినట్టే. రోగి మనసులో పుట్టిన అనుమానానికి ఇంట్లోవాళ్లు సాక్ష్యం చెప్పినట్టవుతుంది. మంత్రాల నెపంతో మన ప్రాంతంలో ప్రాణాలు పోయాయి. 2022 జనవరిలో జగిత్యాలలో ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కొడుకులను ఇదే అనుమానంతో చంపారు. అది ఒక రోగి చేసిన పని కాదు, గుంపుగా చేసిన పని. ఊరంతా నమ్మే అనుమానానికి రోగి భయం కూడా తోడైతే ఎంత ప్రమాదమో ఆలోచించండి. మీ నమ్మకం ఏదైనా సరే, రోగి ముందు ఎవరి పేరూ ఎత్తకండి. గుడికి, దర్గాకు, ప్రార్థనకు వెళ్లాలనుకుంటే వెళ్లండి. మందు మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి.

జ్వరం, దెబ్బ, షుగర్. నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి తికమకపడుతూ, మనుషులను గుర్తుపట్టకుండా, కొట్టబోతే అది మానసిక జబ్బు కాకపోవచ్చు. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు ఏజెన్సీ గూడేలలో మలేరియా మెదడుకు ఎక్కవచ్చు. ఎండాకాలంలో వడదెబ్బ తగలవచ్చు. తలకు దెబ్బ, షుగర్ పడిపోవడం, ముసలివారిలో మూత్రంలో చీము కూడా కారణం కావచ్చు. ఇలాంటప్పుడు భూతవైద్యుడి దగ్గర ఒక్క రాత్రి గడిపినా ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే జనరల్ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వార్డులో సిస్టర్లు గమనించే ఆరు గుర్తులు

నార్వే దేశంలో తయారైన బ్రోసెట్ పట్టిక అనే చిన్న కాగితం ప్రపంచంలో చాలా మానసిక వార్డులలో వాడుకలో ఉంది. రాబోయే 24 గంటలలో దాడి జరిగే అవకాశం ఎంత ఉందో దానితో అంచనా వేస్తారు. అందులో ఉన్నవి ఆరు గుర్తులే:

1. తికమకగా ఉండటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం
2. చిన్న మాటకే చిరాకు పడటం
3. గట్టిగా అరవడం, తలుపులు దబదబా వేయడం, గోల చేయడం
4. నోటితో బెదిరించడం
5. మీది మీదికి రావడం, పిడికిలి బిగించడం, చేయి ఎత్తడం
6. వస్తువులను విసరడం, పగలగొట్టడం

ఒక్కో గుర్తుకు ఒక్కో మార్కు. సున్న అయితే ప్రమాదం తక్కువ. 1 లేదా 2 అయితే జాగ్రత్త పడాలి. అంతకు మించితే వెంటనే ఏదో ఒకటి చేయాలి. ఇందులో ఒక ముఖ్య విషయం ఉంది. మనిషి స్వభావం వల్ల ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడైతే దానికి మార్కు వేయరు. మామూలు కంటే పెరిగితేనే వేస్తారు. ఆయన "మామూలు" ఏమిటో సిస్టరుకు తెలియదు, మీకు తెలుసు. "సిస్టర్, ఇయ్యాల మా ఆయన రోజులాగ లేడు, చూపు మారింది" అని మీరు చెప్పే ఒక్క మాట వార్డులో ప్రమాదాన్ని తప్పించవచ్చు. మీ మాటకు విలువ లేదనుకోకండి. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే రోగుల కుటుంబాలను ఆవరణలో గుడారాలు వేసి ఉంచి వైద్యంలో భాగస్వాములను చేశారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారి మానసిక వైద్య కేంద్రంలో కూడా కుటుంబ సభ్యులు రోగితోపాటే ఉంటారు.

ఈ ఆరు గుర్తులను ఇంట్లో కూడా గుర్తుంచుకోండి. వార్డులో ఉపయోగపడే కాగితం ఇంట్లోనూ కళ్లు తెరిపిస్తుంది.

ప్రమాదం ఎక్కువ అని తేలితే ఏం చేస్తారు?

మొదట మాటలతో శాంతింపజేస్తారు. గోల లేని గదికి మారుస్తారు. అడిగి మాత్ర ఇస్తారు. అప్పటికీ తగ్గకపోతే ఇంజక్షన్ ఇస్తారు. ఇంజక్షన్ అనగానే "మత్తిచ్చి పడేస్తారు" అని భయపడవద్దు. వేలూరు డాక్టర్లు ఇలాంటి స్థితిలో వచ్చిన 200 మంది రోగులకు రెండు రకాల ఇంజక్షన్లు ఇచ్చి పోల్చిన అధ్యయనం 2004లో ప్రచురితమైంది. రెండింటితోనూ నాలుగు గంటలలోపు దాదాపు అందరూ శాంతించారు. ఏ మందు త్వరగా పనిచేస్తుందో ఇలా పరీక్షించి తెలుసుకున్నాకే వాడతారు.

రోగి తనంతట తాను చేరడానికి ఒప్పుకునే స్థితిలో లేకపోతే? 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం, రోగి తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి చేర్చుకోవచ్చు. మొదట ఇది 30 రోజులకు మించదు. వారు చూసే విషయాలు ఇవి: ఇటీవల తనకు తాను హాని చేసుకోబోయాడా? ఇటీవల ఇతరుల మీద దాడి చేశాడా, లేక వారు భయపడేలా ప్రవర్తించాడా? తనను తాను చూసుకోలేక ప్రమాదంలో పడుతున్నాడా? గమనించండి, "ఇటీవల" జరిగిన సంగతులు చెప్పేది మీరే. మీరు చెప్పే మాట మీద ఒక మనిషి స్వేచ్ఛ ఆధారపడి ఉంటుంది. అందుకే దాచకూడదు, కల్పించనూ కూడదు.

గొలుసులు వద్దు

కొందరు భయంతో రోగిని ఇంట్లోనో, పశువుల కొట్టంలోనో గొలుసుతో కట్టేస్తారు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమం పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్న రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. వారిని కాలిన మంటకంటే ముందు బలిగొన్నది ఆ గొలుసే.

ఇప్పటి చట్టం రోగిని ఏ విధంగానైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఒంటరి గదిలో బంధించడాన్నీ నిషేధించింది. ఆసుపత్రిలో కూడా, అప్పటికప్పుడు జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంతసేపే రోగిని కదలకుండా పట్టి ఉంచవచ్చు. దాన్ని కేసు షీటులో రాయాలి. 24 గంటలలోపు రోగి ప్రతినిధికి తెలియజేయాలి. శిక్షగా గానీ, సిబ్బంది తక్కువగా ఉన్నారని గానీ అలా చేయకూడదు. ఈ విషయం అడిగే హక్కు మీకు ఉంది.

ఇంట్లో హఠాత్తుగా ఎదురు తిరిగితే

- ఒక్కరే మాట్లాడండి. రోగికి ఇష్టమైన మనిషి అయితే మంచిది. గొంతు తగ్గించి, చిన్న చిన్న మాటలతో మాట్లాడండి.
- రెండు చేతుల దూరంలో నిలబడండి. తలుపు మీ వెనుక ఉండాలి. రోగికి కూడా బయటికి పోయే దారి అడ్డుకోవద్దు.
- "అదంతా నీ భ్రమ" అని వాదించవద్దు. "నిజమే" అని ఒప్పుకోవద్దు. "నీకు భయంగా ఉన్నట్టుంది, నేను ఇక్కడే ఉన్నా" అనండి.
- వాడకట్టు జనాన్ని ఇంట్లోకి రానివ్వకండి. గుంపును చూస్తే రోగికి భయం పెరుగుతుంది.
- పిల్లలను, ముసలివారిని ముందే పక్కింటికి పంపించండి.
- చేతిలో కొడవలి, గొడ్డలి ఉంటే లాక్కోవడానికి ప్రయత్నించవద్దు. బయటికి వచ్చి తలుపు వేసి 100 లేదా 112కు ఫోన్ చేయండి. "మానసిక రోగి, వైద్యం కావాలి" అని స్పష్టంగా చెప్పండి. అంబులెన్స్ కోసం 108కి చేయండి.
- పట్టుకోక తప్పకపోతే బోర్లా పడవేసి వీపు మీద, మెడ మీద కూర్చోవద్దు. ఊపిరాడక ప్రాణం పోతుంది.
- "పెండ్లికి పోదాం" అని మోసం చేసి ఆసుపత్రికి తీసుకురావద్దు. ఆ మోసాన్ని రోగి మరచిపోడు. తరువాతిసారి ఎవరి మాటా నమ్మడు.

తిట్టడం, కొట్టడం, వాతలు పెట్టడం వల్ల జబ్బు తగ్గదు. పగ పెరుగుతుంది.

ఇంటికి పంపే ముందు

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక యువకుడు తన పెద్దనాన్న తనకు విషం పెడుతున్నాడని నమ్ముతాడు. ఒకసారి కత్తిపీట తీసుకొని ఆయన ఇంటిదాకా వెళ్లాడు. ఇంటివారు ఈ సంగతి ఆసుపత్రిలో చెప్పలేదు. పదో రోజుకు అతను బాగా నిద్రపోతున్నాడు, తింటున్నాడు, నవ్వుతున్నాడు. డిశ్చార్జి చేస్తారు. ఇల్లు చూస్తే పెద్దనాన్న ఇంటికీ వీరి ఇంటికీ మధ్య ఒక్క గోడే.

ఇంటివారు చెప్పి ఉంటే ఏం జరిగేది? డాక్టరు ఆ అనుమానం గురించే రోజూ అడిగి చూసేవారు. అది ఇంకా తగ్గలేదని తెలిస్తే మరికొన్ని రోజులు ఉంచేవారు. లేదా మొదటి నెల మేనమామ ఊరికి పంపమనేవారు. పెద్దనాన్నకు కూడా విషయం చెప్పి, కొద్ది రోజులు ఎదురుపడవద్దనేవారు. పదిహేను రోజులకే మళ్లీ చూపించమనేవారు. చేసే పనులు చిన్నవే. కానీ ఒక ప్రాణం నిలిచేది, ఒక యువకుడు జైలుకు పోకుండా ఉండేవాడు.

డిశ్చార్జి గురించి రోగితో, ప్రతినిధితో, కుటుంబంతో డాక్టరు మాట్లాడాలని చట్టం కూడా చెబుతుంది. ఆ రోజు హడావుడిగా బిల్లు కట్టి బస్సెక్కవద్దు. ఈ ఐదు అడిగి తెలుసుకోండి:

1. ఏ మందు ఎన్ని రోజులు? మందు తినడానికి ఒప్పుకోకపోతే నెలకొకసారి ఇచ్చే ఇంజక్షన్ వీలవుతుందా?
2. జబ్బు తిరగబెడుతున్నదని తెలిపే తొలి గుర్తులు మా మనిషిలో ఏవి?
3. ఆ గుర్తులు కనబడితే ఎవరికి ఫోన్ చేయాలి? రాత్రి అయితే ఎక్కడికి పోవాలి?
4. ఇంట్లో ఏ వస్తువులు తాళం వేయాలి? గొడ్డలి, కొడవలి, గడ్డపార, కత్తిపీట, పురుగుల మందు గురించి అడగండి.
5. కల్లు, సారా మానడానికి ఏం సహాయం దొరుకుతుంది?

"మందులు వాడితే బాగైంది గదా, ఇగ ఎందుకు" అని మానేయడమే జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణం. బాగున్నాడంటే మందు పనిచేస్తున్నదని అర్థం.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి

రెండు రూపాయల పుస్తకమైనా సరే. తారీఖు వేసి ప్రతిరోజూ నాలుగు మాటలు రాయండి: నిద్ర ఎన్ని గంటలు, మందు వేసుకున్నాడా, తాగాడా, గొడవ ఏదైనా జరిగిందా. గొడవ జరిగితే దేనివల్ల మొదలైంది, ఎలా తగ్గింది రాయండి. చదువు రానివారు పిల్లలతో రాయించవచ్చు. ఓ.పి. చీటీతోపాటు ఈ పుస్తకాన్ని సంచిలో పెట్టుకొని రండి. డాక్టరుకు ఇది రక్తపరీక్ష కాగితమంత విలువైనది.

దూరంగా ఉన్నవారు, వెంటనే రాలేనివారు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. టెలి మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రి పగలు పనిచేస్తుంది. రోగి కోసమే కాదు, నెలల తరబడి సేవ చేసి అలసిపోయిన మీ కోసం కూడా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు.

చివరిగా ఒక మాట. మీ మనిషి ఎప్పుడో ఒకరోజు చేయి ఎత్తాడంటే అతను చెడ్డవాడని కాదు, మీ పెంపకం చెడ్డదనీ కాదు. అది జబ్బులో కనిపించిన ఒక లక్షణం. జ్వరం ఎంత ఉందో సిగ్గుపడకుండా చెబుతాం కదా! దీన్ని కూడా అలాగే చెప్పండి. డాక్టరు తరువాతిసారి "ఎవరినైనా కొట్టాడా?" అని అడిగినప్పుడు తల దించుకోకండి. ఎప్పుడు, ఎవరిని, ఎందుకు, ఎలా తగ్గింది అన్న నాలుగు సంగతులూ చెప్పండి. మీ ఇంటిని కాపాడుకోవడం అక్కడినుంచే మొదలవుతుంది.